మైకులో చెప్పని మందు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివినా. రెండోసారి కొత్త పుస్తకాలు కొనే పనిలేదని మా నాయన సంతోషపడినాడు. మూడో ఏడు గూడ అవే పుస్తకాలని తెలిసినంక ఆయనకే సిగ్గయి, "ఆ పుస్తకాలు చేసిన పాపమేందిరా, వాటినన్నా ఇడిసిపెట్టు" అని బడి మానిపించినాడు. అట్లాంటోన్ని ఈ పొద్దు ఒక మందు గురించి రాయడానికి కూచున్నా. దాని పేరు మెఫెంటర్మిన్. తప్పు లేకుండా పలకడానికే నాకు మూడు దినాలు పట్టింది. ఆ మూడు దినాలూ మా ఇంటామె ఎదురుగా నిలబడి, బాయిలో పడిన చెంబును పాతాళగరిగెతో లాగినట్ల, నా నోట్లోనుంచి ఒక్కో అక్షరం లాగింది.

నవ్వుకోండి. నవ్వడం అయినంక వినండి. నాకు శానా కోపంగా ఉంది.

నా పని మైకు. ప్రొద్దుటూరులో షామియానాలు, మైకుసెట్లు బాడుగకిచ్చే అంగడి ఉంది నాకు. అయితే జనానికి నేను తెలిసింది అంగడి వల్ల కాదు, నోటి వల్ల. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు పెడితే మైకు పట్టుకునేది నేనే. ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల, యాడ బండ కదిలితే ఆడ నా నోరు కదులుతాది. చూడనోళ్ళకు చెప్తాండా: జత ఎద్దులకు కాడి కట్టి, పెద్ద రాతిబండను గొలుసుతో తగిలిస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఎవురి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ఎద్దులతో పాటు తోలేవాళ్ళు పరిగెత్తాల, అరవాల, కొసన మలుపుకాడ కాడి తిప్పుకోవాల. ఆ ఎండలో ఎద్దుకెంత ఊపిరి కావాల్నో మనిషికీ అంత కావాల.

మా బామ్మర్ది, అంటే మా ఇంటామె తమ్ముడు, అట్లాంటి తోలేవాడు. పులివెందుల దగ్గర వానికి అరటితోట ఉంది, ఒక జత ఎద్దులుండాయి. వాటికి వాడు పెట్టే ఉలవలూ కోడిగుడ్లూ చూసి మా అత్త, "నేను కోడలుగా గాకుండా ఎద్దుగా వచ్చింటే బాగుండు ఈ ఇంటికి" అంటాది. వాటికి రోజూ నీళ్ళు పోసి కడిగేది వాడే. వాని పెండ్లానికి మల్లెపూలు తెచ్చేది మర్చిపోతాడు గానీ ఎద్దుల మెడలో గజ్జెలు మర్చిపోడు.

మా పక్క బావ బామ్మర్దిని ఎగతాళి చెయ్యకపోతే వాళ్ళిద్దరికీ మాటల్లేవేమో అనుకుంటారు. పెండ్లిపీటల కాడ మొదలుపెడితే ఆపేది లేదు. అందుకే నిరుడు శివరాత్రి తిరునాలలో, జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లెలో, వాడు పన్నెండో నిమిషంలో మలుపుకాడ కూలబడితే నేను ఊరుకోలే. ఎద్దులు నిలబడే ఉండాయి. వీడు నేల మీద కూచోని రొప్పుతాండాడు.

"ఏమప్పా కమిటీవాళ్ళూ! కాడికి రెండు ఎద్దులే కదా కట్టేది, ఈ మూడోది యాడిది? రెండూ నిలబడుకోని ఉండాయి, మూడోది పండుకునింది. ఎవురన్నా దానికింత గడ్డేసి పుణ్యం కట్టుకోండి!"

మైదానమంతా నవ్వింది. వాని నాయన, మా మామ, నవ్వినాడు. వాడు గూడ నవ్వినాడు, నవ్వుతానే నా పక్క ఒక చూపు చూసినాడు. ఆ చూపు నాకు కనపడింది గానీ చదవలేకపోయినా.

ఆ నవ్వు ఆడనే ఆగింటే బాగుండు. నాలుగు సెల్‌ఫోన్లలోకెక్కింది. అరటికాయల లోడుకొచ్చినోళ్ళు గూడ వాన్ని చూసి, "ఏమప్పా, గడ్డి తిన్యావా?" అనబట్టిరి. వాడు ప్రొద్దుటూరులో ఒక జిమ్ములో చేరినాడు. దినామ్మూ పొద్దున్నే మోటర్‌సైకిలేసుకోని అంత దూరం వచ్చేవాడు.

రెండు నెలలకు మనిషి మారిపోయినాడు. చేతుల మీద నరాలు తాళ్ళ మాదిరి లేసినాయి. కండ్లు పెద్దవైనాయి. మాట మీద మాట, ఊపిరి తీసుకోకుండా మాట. మా అత్త ఫోన్ చేసి, "వాడు అన్నం ముట్టుకోవడం లేదు నాయనా, నిద్ర గూడ పోవడం లేదు" అని బాధపడితే నేనేమన్నానో తెలుసా? "మంచిదే గదత్తా, తోటకు కాపలా మనిషి ఖర్చు లేదు" అన్నా. ఆ పొద్దే నా నోరు ఎవురన్నా గోతాం సూదితో కుట్టింటే బాగుండు.

ఒకనాడు వాని టెంపోలో కూచోని పోతాంటే ముందర అరలో చిన్న గాజుసీసా కనపడింది. మూతి మీద రబ్బరు బిరడా.

"ఇదేందిరా?"

"ఎద్దులది బావా. విటమిను."

మళ్ళీ ఆడనే పెట్టేసినా. ఈడ నేనొక సంగతి ఒప్పుకోవాల. పోటీకి ముందు కొందరు ఎద్దులకు సూదులేస్తారు. అది నాకు తెలుసు, కమిటీకి తెలుసు, కాడి పట్టిన ప్రతోనికీ తెలుసు. దాన్ని మేమంతా విటమిను అంటాం. నేనైతే మైకులో, "ఈ ఎద్దు కండ్లు చూడండప్పా, పరీక్షలకు చదివినట్లుండాయి" అని నవ్వించి పక్కకు తిరుగుతాంటి. అందుకే వాడు ఎద్దులదనంగానే నేను నెమ్మదిపడినా. ఓ, ఎద్దులదేనా, ఇంకేం అనుకున్నా. ఆ నెమ్మది తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తాది.

ఎండాకాలంలో మళ్ళీ అదే పక్క ఇంకో పల్లెలో పోటీ. పొద్దున పదకొండుకే ఇసుక కాలుతాంది. వాని జత వంతు వచ్చింది. ఏం పరుగప్పా అది! పన్నెండో నిమిషం దాటినాడు, పదిహేను దాటినాడు, చొక్కా నీళ్ళలో ముంచినట్ల తడిసిపోయింది, అయినా అరుస్తానే ఉండాడు. టైమైపోయి విజిలేసినంక గూడ ఎద్దులు నిలబడినాయి గానీ వాడు నిలబడలేదు. ఇంకో పది అడుగులు ఒట్టిగనే పరిగెత్తి, తిరిగొచ్చి, కొలతలు పట్టేవాళ్ళ మీదికి పోయినాడు, "దూరం తక్కువ రాస్తాండారు" అని. వాళ్ళింకా టేపే తియ్యలేదు.

తర్వాత నీళ్ళ ట్యాంకరు కాడికి పోయి, తల రెండు చేతుల్తో పట్టుకోని కూచున్నాడు. వాంతి చేసుకున్నాడు. ఎద ఒత్తుకున్నాడు.

నేను మైకు ఎత్తినా.

"చూడండప్పా, మా బామ్మర్ది యాక్టింగు! గెలిచినోడు ఏడుస్తాండాడు, ఓడినోళ్ళు నవ్వుతాండారు. ఆ పక్క ఎవురూ పోవద్దండి, పోతే వచ్చే తిరునాల దాకా సన్మానం చెయ్యమంటాడు!"

జనం నవ్వినారు. ఎవురూ పోలే. నేనే కదా పోవద్దన్నది. వేలమంది మధ్యలో ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి కూచుంటే, వానికీ జనానికీ మధ్య నేను ఒక తమాషా గోడ కట్టినా. ఎంతసేపో నాకు తెలీదు. కొందరు రెండు నిమిషాలంటారు, కొందరు పదంటారు. నేను అడగడం మానుకున్నా. వాడు పక్కకు ఒరిగినప్పుడు పెదాలు బూడిద రంగులో కనపడినాయి. మైకు ఆడనే పారేసి ఉరికినా. అది ఆన్‌లోనే ఉండె. నేను ఉరుకుతా అరిచిన అరుపు పల్లెంతా వినపడిందంట.

మైకుసెట్టు బండిలో స్పీకర్లు కింద పడేసి, వాన్ని పండుకోబెట్టుకోని జమ్మలమడుగు ఆస్పత్రికి తీసకపోతిమి. నేను, మా మామ. గేటు కాడ స్ట్రెచర్ తెచ్చిన సిస్టరమ్మకు యాభై ఏండ్లుంటాయి. ఆమె వాళ్ళమ్మ గూడ నర్సేనంట, ఆ ఊర్లో పాతకాలం నుంచి చర్చికి పోయే ఇండ్లలో అట్లాంటోళ్ళు శానామంది ఉండారు. ఆమె నాడి పట్టుకోని, కండ్లు చూసి, బీపీ పట్టీ చుట్టి, మిషన్లో అంకె చూసి ఇంకోసారి చుట్టింది.

"ఏం తీసుకున్నాడు?"

"ఎండ తగిలింది సిస్టరమ్మా" అన్నాడు మా మామ.

"ఏం తగిలిందని నేనడగలే. ఏం తీసుకున్నాడని అడుగుతాండా."

"ఏం లేదమ్మా, పోటీలో పరిగెత్తినాడంతే."

ఆమె మా మామను ఇడిసిపెట్టి నన్ను చూసింది. "ఈ బీపీ పరుగుది కాదు. లోపల డాక్టరు నిలబడుకోని ఉండాడు. ఏ మందు ఎక్కిందో తెలీకుండా బీపీ దించేదానికి ఏదో ఒకటి పొడిస్తే, కొన్ని మందులు ఇట్లాంటోనికి ఎదురు తిరుగుతాయి. తొందరగా చెప్పండి."

నా చెయ్యి వాని ప్యాంటు జేబు మీదనే ఉండాది. బండిలో పండుకోబెట్టినప్పుడే తగిలింది నాకు, సీసా. మా మామ నా మణికట్టు పట్టుకున్నాడు. చెవికాడ గుసగుసగా, "ఆ సీసా బయటపడితే ఎద్దులను పోటీలోనుంచి తీసేస్తారప్పా. ఊర్లో తలెత్తుకోలేం" అన్నాడు. కొడుకు స్ట్రెచర్ మీద కొట్టుకుంటాండాడు, ఈయన ఎద్దుల పేరు కాపాడతాండాడు! నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలే. అయినా మామ మాటకు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగినందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఇంకా దిగలే. చెయ్యి విదిలించుకోని సీసా తీసి ఆమె చేతిలో పెట్టినా.

"ఎద్దుల విటమినంట సిస్టరమ్మా" అన్నా.

ఆమె పేరు చదివింది. మొగం మారిపోయింది. "ఇది నా ఆపరేషన్ థియేటర్లో ఉండాల్సిన మందు. వీని జేబులో దీనికేం పని?" అని, స్ట్రెచర్ తోసుకుంటా లోపలికి ఉరికింది.

సాయంత్రానికి వాని బీపీ దారికొచ్చింది. ప్రాణానికి ఇప్పటికి భయం లేదన్నారు. అప్పుడు ఆమె వరండాలోకి వచ్చి, నా పక్కన బల్ల మీద కూచోని, టీ తాగుతా చెప్పింది. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివినా ఎక్కని సైన్సు, ఆ ఒక్క టీ గ్లాసులో ఎక్కింది.

"కాన్పు ఆపరేషన్‌కు నడుములో మత్తుసూది వేస్తాం. అప్పుడు తల్లికి బీపీ పడిపోతాది. దాన్ని పైకి తెచ్చేదానికి ఈ మందు కొంచెం కొంచెంగా ఇస్తాం, మిషన్ చూసుకుంటా, డాక్టరు పక్కన నిలబడి. పడిపోయిన బీపీ లేపే మందప్పా ఇది. బాగున్నోనికి పొడిస్తే బీపీ యాడికి పోవాల?"

"తెలివొచ్చినంక వాడే చెప్పినాడు సిస్టరమ్మా, జిమ్ములో బలం మందన్నారంట. డాక్టర్లే వాడతారు, భయంలేదన్నారంట."

"డాక్టరు కత్తి గూడ వాడతాడు. మీ జిమ్మువాడు దాంతో గడ్డం గీసుకుంటాడా?" అనింది ఆమె. "మీకు బోరుందా?"

"మా బామ్మర్ది తోటలో ఉంది."

"మోటరు నీళ్ళు తయారు చేస్తాదా?"

"యాడ చేస్తాది? కిందున్నవి పైకి లాగుతాది."

"ఇదీ అంతే. పాము కనపడితే గుండె దడదడ కొట్టుకోని, కాళ్ళకు యాడలేని పరుగు వస్తాది చూడు, దానికి మన నరాల కొసల్లో ఒక రసం దాచిపెట్టుకోనుంటాది ఒళ్ళు. ఆపదకని. ఈ మందు పోయి ఆ దాచిందంతా బయటికి తోసేస్తాది. పాము లేకుండానే పాము వచ్చినట్ల. గుండె గట్టిగా కొడతాది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆకలి తెలీదు, నిద్ర రాదు, అలుపు తెలీదు. అలుపు లేక కాదప్పా. అలుపైందని చెప్పేదాని నోరు మూసేసినారు. ఈ ఎండలో ఒళ్ళు కాగిపోతాన్నా వానికి తెలీకపోయింది."

"మరి దినామ్మూ వేసుకుంటే?"

"బోరులో నీళ్ళు అయిపోయినంక మోటరు ఆడిస్తే ఏమైతాది?"

"కాలిపోతాది."

"రెండో సూదికి మొదటిదంత ఊపు రాదు. రాలేదని ఇంకొంచెం ఎక్కిస్తారు. ఊపు తగ్గిపోతాది గానీ గుండెకు దెబ్బ తగ్గదు. కొంత మెదడులోకీ పోతాది. అలవాటైనోళ్ళకు లేనిపోని అనుమానాలు, ఎవురో మాట్లాడినట్ల వినపడటం. ఆపితే రోజులకు రోజులు పండుకుంటారు, ఏడుస్తారు. జిమ్ములో ఒకే సూదితో నలుగురు పొడుచుకునింటే దానికి వేరే పరీక్షలు చేయించాల." గ్లాసు కింద పెట్టి, "గుండె స్కానింగులో కండరం బలహీనంగా కనపడింది. మందులకు కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. ఈ సూది మళ్ళీ తగిలితే మాత్రం ఈడికి తీసకరావద్దు, తెచ్చి లాభముండదు" అనింది.

ఆమె చెప్పినవన్నీ వరసగా జరిగినాయి. ఇంటికొచ్చినంక వాడు వారం దినాలు నిద్రలోనే ఉండాడు. లేసినప్పుడు ఏడ్చినాడు. అరటిచెట్ల వెనకాల ఎవురో నిలబడి తన పేరు పెట్టి నవ్వుతాండారన్నాడు. మా అత్త పోయి చెట్టు చెట్టుకూ చూసొచ్చి, "ఎవురూ లేరు నాయనా" అంటే నమ్మలేదు. ఆ నవ్వు ఎవురిదో నాకు తెలుసు. నేను నేర్పించిన నవ్వే అది.

వాని నోట్లోనుంచి ఒక్కో మాట బయటికొచ్చింది. ముందు సూది ఎద్దుకే వేసినాడంట, ఎడమ పక్క దానికి. అది ఆ పొద్దు బాగా లాగింది. రెండు దినాలు మేత ముట్టుకోలేదు, వాడు దాని పక్కనే కూచోని గంగడోలు నిమిరినాడు. అయినా గెలుపు తీపి కదా. "ఎద్దుకే ఏం కాలేదు, మనిషికేమైతాది" అనుకున్నాడు. జిమ్ములో చూస్తే అదే సీసా. ఇంకేం అనుమానం?

నేను ప్రొద్దుటూరు జిమ్ముకు పోయినా, మీదపడి కొట్టేంత కోపంతో. జిమ్ము యజమాని నాకంటే రెండింతలుండాడు, కాబట్టి నోటితోనే కొట్టినా. "నేనమ్మేది చెమటన్నా, సూదులు కాదు. పిల్లోళ్ళు వాళ్ళకై వాళ్ళు తెచ్చుకుంటారు" అన్నాడు. వెనకాల చెత్తబుట్టలో సీసాలుండాయి. "ఇవి చెమట సీసాలా?" అంటే ఫోన్ వచ్చినట్ల చెవికి పెట్టుకున్నాడు. ఆ ఫోన్ మోగనే లేదు. సీసాలు అమ్మిన మందులంగడి యాడుందో కనుక్కోని ఆడికీ పోయినా.

"డాక్టరు చీటీ లేకుండా ఎట్ల ఇచ్చినావు?"

"ఎద్దులకని అడిగినారప్పా."

"అయితే ఎద్దు రాసిచ్చిందా చీటీ?"

"ఊర్లో అందరూ ఇస్తాండారు. నన్నే అడుగుతావేంది?"

చూసినారా? జిమ్మువాడు పిల్లోళ్ళ మీద తోస్తాడు, అంగడివాడు ఎద్దుల మీద తోస్తాడు, మా మామ ఎండ మీద తోసినాడు. ఏ ఒక్కడూ నాది తప్పనడు. మందులంగళ్ళు తనిఖీ చేసే ఆఫీసరుకు ఫిర్యాదు రాసిచ్చినా నేను, అంగడి పేరుతో సహా. నాలుగు దినాలు ఆ అంగడి మూసినారు. ఐదో దినం తెరిచినారు. నా కోపానికి ఆ నాలుగు దినాలు యాడ సరిపోతాయి?

దసరా అయినంక మళ్ళీ పోటీలు మొదలైనాయి. మొదటిది పులివెందుల పక్కనే. మైకు నా చేతికొచ్చింది. ఆ పొద్దు జోకు చెప్పలే. మా బామ్మర్ది సంగతి చెప్పినా. జిమ్ము సంగతి, నేను పోవద్దన్న సంగతి, స్ట్రెచర్ సంగతి. బోరు, మోటరు, కాలిపోయేది, అన్నీ సిస్టరమ్మ చెప్పినట్లే చెప్పినా. మెఫెంటర్మిన్ అని తడబడకుండా పలికినా. "పిల్లోళ్ళారా, ఆ సీసా ముట్టుకోవద్దండప్పా, అది మీకు బలం ఇయ్యదు, మీ బలమే మీకు అప్పటికప్పుడు తీసిచ్చి, మిమ్మల్ని ఒట్టి తొర్ర చేసి పారేస్తాది" అన్నా. కమిటీ పెద్దాయన వచ్చి, "చాల్లేప్పా, ఎద్దులు ఎదురు చూస్తాండాయి" అని నా భుజం తట్టినాడు. సరేనని మొదటి జతను పిలిచినా. ఆ జతలో వలపటి, అంటే కుడి పక్క ఎద్దు కండ్లు నెత్తుటి రంగులో ఉండాయి, నోట్లోనుంచి నురగ కారుతాంది. నేను మైకులో దూరం లెక్క పిలవడం మొదలుపెట్టినా.

పోటీ అయిపోయినంక నేరుగా బామ్మర్ది ఇంటికి పోయినా. వాడిప్పుడు పరిగెత్తలేడు, తోట గట్టు ఎక్కాలన్నా రెండుసార్లు నిలబడతాడు. కొట్టం కాడ మంచమేసుకోని, ఎడమ పక్క ఎద్దుకు మేతేస్తాండాడు. జరిగిందంతా చెప్పినా. కొంచెం గర్వంగానే చెప్పినా.

"జనమంతా విన్నారురా. ఒక్కడు గూడ నవ్వలే."

వాడు గడ్డి చెయ్యి దులుపుకోని నన్ను తేరిపార చూసినాడు.

"నాకు నోరుంది బావా, నా కత నేనే చెప్పుకుంటా. నోరు లేనివాటి గురించి ఒక్క మాటన్నా చెప్పినావా, లేక దూరం లెక్క పిలిచి వచ్చినావా?"